ఊరంతా కలిసి బరువెక్కించిన బుల్‌డోజరు

తొలొగోన్ తెలివితక్కువవాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నా దగ్గరే భౌతికశాస్త్రం చదివాడు, నాకు తెలియదా? తెలివి దండిగా ఉంది. లేనిదల్లా ఎదుటివాళ్లు చెప్పేది వినే ఓపిక. ఆ మాటకొస్తే మా కష్కా-బులక్ ఊళ్లో ఆ ఓపిక ఎవరికి ఉంది గనక? బరువు ఎంత దూరంలో వేలాడితే అంత గట్టిగా లాగుతుందని ఇరవై ఆరేళ్లు ఈ ఊరి పిల్లలకి నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. నల్లబల్ల మీద బొమ్మ గీశాను. ఉయ్యాలబల్ల మీద కూర్చోబెట్టి మరీ చూపించాను. ఆ పిల్లలే గడ్డాలూ మీసాలూ పెంచుకుని, ఒక వారంపాటు నా ఇంటి గోడ అవతల ఏం చేశారో చెబితే, నేను ఎందుకు ముందుగానే పదవీ విరమణ తీసుకున్నానో మీకు అర్థమవుతుంది.

తొలొగోన్ మా పక్కింటివాడు. సామూహిక వ్యవసాయం ఉన్న రోజుల్లో పదకొండేళ్లు చైన్ల ట్రాక్టరు నడిపాడు. ఆ వ్యవసాయం రద్దయి ఆస్తి పంచుకునే రోజు వచ్చింది. ఎవరి వంతు రాగానే వాళ్లు గొర్రెలో గుర్రమో పట్టుకుపోయారు. తొలొగోన్ వంతు వచ్చేసరికి ఒక ఆవు మిగిలింది, అతని ట్రాక్టరు మిగిలింది. భార్య సైరాగుల్ ఆవును తోలుకెళ్లడానికి చేతిలో పలుపుతాడు పట్టుకుని తయారుగా నిలబడి ఉంది. ఈ మహానుభావుడు ఆవు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా వెళ్లి ట్రాక్టరెక్కి కూర్చున్నాడు.

తరవాత డీజిలు దొరకలేదు. దున్నడానికి పెద్ద పొలాలూ లేవు. ట్రాక్టరు ఎనిమిదేళ్లు వాళ్ల పెరట్లో నిలబడింది. దాని సీటు కింద కోళ్లు గుడ్లు పెట్టేవి. సైరాగుల్ మాత్రం ఎనిమిదేళ్లూ రోజూ పొద్దున్నే పాలకోసం మా గుమ్మంలోకి వచ్చేది. నాకు రెండు ఆవులున్నాయి, ఒక్క రోజు కూడా లేదనలేదు. కానీ ఆవిడ పాలు ఊరికే తీసుకునేది కాదు. ముందు నా వాకిలి ఊడ్చేది, లేకపోతే పేడ ఎత్తేది. వద్దంటే వినదు. పెళ్లయి ఇంత సంసారం చేసిన మనిషి నా చీపురు పట్టుకుంటుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. తొలొగోన్ కిటికీలోంచి అది చూసి చటుక్కున పక్కకి తప్పుకునేవాడు. చూసేవాడు కదా, అందుకే అతని మీద నాకు కోపమూ వచ్చేది, జాలీ వేసేది.

ఆ వసంతంలో మేతకొండకు వెళ్లే దారి మీద కొండచరియ విరిగిపడింది. మే నెలాఖరుకల్లా ఊరి మంద అంతా పైకి ఎక్కాలి. ఎక్కకపోతే కింద గడ్డి ఇప్పుడే అయిపోతుంది, చలికాలానికి మేత ఉండదు. రోడ్ల ఆఫీసుకు వెళ్లి అడిగితే యంత్రం ఆగస్టులో పంపిస్తామన్నారట. ఆగస్టులో పంపిస్తే మాకెందుకు, వాళ్ల మీసాలు దువ్వుకోవడానికా?

సరిగ్గా అదే వారంలో సైరాగుల్ తన ఏర్పాటు తను చేసుకుంది. కింద పట్నంలో కాదిర్‌బెక్ అనే తుక్కు ఇనుము వ్యాపారి ఉన్నాడు. ట్రాక్టరు తీసుకుని పాలిచ్చే ఆవును ఇస్తానన్నాడు, శుక్రవారం లారీ తీసుకుని వస్తానన్నాడు. ఈ సంగతి శనివారం సాయంత్రం అన్నం దగ్గర చెప్పిందట. తొలొగోన్ తినడం ఆపేసి నేరుగా మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. వెనకాలే ఆవిడా వచ్చింది.

"ఎజె, నువ్వే చెప్పు," అన్నాడు. మా ఊళ్లో చదువు చెప్పినదాన్ని అందరూ అక్క అనే పిలుస్తారు, మా మాటలో ఎజె. "దీన్ని బుల్‌డోజరు చేస్తాను. దారి తెరుస్తాను. శుక్రవారానికి దారి తెరుచుకుంటే ట్రాక్టరు ఉంటుంది. లేకపోతే తీసుకుపొమ్మను."

"లేకపోతే మాట మారుస్తావు," అంది సైరాగుల్.

"మార్చను."

"ఎజె సాక్షి," అంది ఆవిడ. ఆ పూట నుంచి నేను సాక్షినయ్యాను. నన్ను అడిగినవాళ్లెవరూ లేరు.

ఆ రోజే తొలొగోన్ నా పాత నోటుపుస్తకం వెనక అట్ట మీద బొమ్మ గీసి చూపించాడు. పాడుపడిన డీజిలు ట్యాంకును నిలువునా చీరితే ఒంపు తిరిగిన మంచి బ్లేడు వస్తుంది. దాన్ని పట్టుకోవడానికి రెండు పాత రైలుపట్టా ముక్కలు చేతుల్లాగా అటొకటి, ఇటొకటి. పైకి లేపడానికి టిప్పరు లారీ జాకీ. నేను లెక్క చూశాను. మళ్లీ చూశాను. నాలుగు వందల కిలోలు, ట్రాక్టరు హాయిగా మోస్తుంది. తప్పు ఒక్కటీ లేదు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి నా విద్యార్థి ఒకడు లెక్క సరిగ్గా చేశాడని నాకు కళ్లు చెమర్చాయి. అక్కడితో ఆగి ఉంటే ఇప్పుడు నేను రాయడానికి ఏమీ ఉండేది కాదు.

కానీ అంత ఇనుము ఒక్కడు ఎత్తలేడు. అందుకని అషార్ పెట్టాడు. అంటే ఊళ్లో వాళ్లంతా వచ్చి ఊరికే పని చేసిపెడతారు, పిలిచినవాడు కడుపునిండా భోజనం పెడతాడు. సైరాగుల్ పళ్లు కొరుక్కుంటూనే ఉన్న ఒక్క పొట్టేలునూ కోయించింది. తన ఆవు రాకుండా చేసే పనికి తనే వంట చేస్తున్నానని కుండతో అంటూ ఉంది. నేను గోడ ఇవతలి నుంచి విన్నాను.

మావాళ్లకి ఒక జబ్బు ఉంది. ఒకరి ఇంటికి వట్టి చేతులతో వెళ్లరు. పెళ్లికైతే దుప్పటి పట్టుకెళతారు, చావుకైతే పిండి పట్టుకెళతారు. బుల్‌డోజరుకు ఏం పట్టుకెళతారు? సోమవారం పొద్దున నలభై ఇళ్లవాళ్లు నలభై ఇనప సామాన్లు మోసుకుంటూ వచ్చారు. బండి ఇరుసు, గేటు రెక్క, స్నానాలగది పొయ్యి, విరిగిన నాగలి, బాస్కెట్‌బాల్ స్తంభం. ఊరికి పెద్ద, ఎనభై దాటిన చొరోబాయ్ తాత, మా మాటలో ఆతా, తన పెళ్లినాటి ఇనప మంచం తలవైపు చట్రాన్ని తెచ్చాడు. దాని మీద వంకీలు తిరిగిన పువ్వులున్నాయి. ముసలాయన భార్య పోయి రెండేళ్లయింది. ఆ చట్రం మీది దుమ్ము చేతిరుమాలుతో తుడిచి మరీ ఇచ్చాడు. ఎవరు వద్దంటారు?

తెచ్చినదాన్ని వద్దనకూడదు. తీసుకుని మూలన పడెయ్యనూ కూడదు, అది ఇచ్చినవాడిని గుమ్మంలోంచి తోసినట్టే. మా వెల్డరు బోలుష్ ఉన్నాడే, మేకపోతును మింగేసిన దూడలా ఉంటాడు, పాతికేళ్లకే ఆ పొట్ట. వాడు ఒక్కొక్కరినీ "ఎక్కడ అతికించమంటారు, ఆతా?" అని వినయంగా అడిగేవాడు. అందరిదీ ఒకటే జవాబు, మధ్యలో, కనబడేట్టు. వాడు వెల్డింగ్ మొదలెట్టినప్పుడల్లా ఊరంతా దీపాలు మసకబారేవి. టీవీ ఆగిపోయిందని తిట్టడానికి వచ్చినవాళ్లు పొట్టేలు మాంసం వాసన తగిలి, ఇంటికి తిరిగి వెళ్లి ఇంకో ఇనపముక్క పట్టుకొచ్చారు.

నేను చెప్పాను. మంగళవారం చెప్పాను, బుధవారం అరిచి చెప్పాను. ముందు బరువెక్కిపోతోందిరా, ముక్కు మీద పడుతుందిరా అని మొత్తుకున్నాను. తొలొగోన్ నా వైపు దీనంగా చూసి, "తెలుసు ఎజె, కానీ ఎవరికని చెప్పను?" అన్నాడు. అదీ నిజమే. నిజం చెప్పొద్దూ, నేను కూడా వట్టి చేతులతో వెళ్లలేదు. బడి బాయిలరు తలుపు ఇచ్చాను. పోత ఇనుము, తొంభై కిలోలు. నాదీ మధ్యలోనే పెట్టించాను.

గురువారం మధ్యాహ్నానికి బ్లేడు తయారైంది. దాన్ని చూస్తే బ్లేడనిపించదు. ఊరిని నిలబెట్టి దాని ఇళ్లన్నిటినీ బల్లపరుపుగా నొక్కినట్టుంది. ఇంటికో సీసా చొప్పున పోగేసిన డీజిలు పోసి, తొలొగోన్ తాడు లాగి ఇంజను అంటించాడు. ఎనిమిదేళ్ల తరవాత అది దగ్గి, నల్లటి పొగ కక్కి, గుడగుడమని పలికింది. సీటు కింది కోళ్లు పైకప్పు మీదికి ఎగిరిపోయాయి. జనమంతా కేకలు పెట్టారు. నా గుండె కూడా ఝల్లుమంది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

అప్పుడు తొలొగోన్ జాకీ మీట లాగాడు. బ్లేడు లేవలేదు. ట్రాక్టరే లేచింది. వెనక చైన్లు నేల వదిలి మోకాలెత్తున గాల్లోకి వెళ్లాయి, ముందు ముక్కు మట్టిలో గుచ్చుకుంది, తొలొగోన్ అద్దానికి అతుక్కుపోయి మమ్మల్ని చూస్తున్నాడు. సైరాగుల్ చేతిలో టీ పళ్లెంతో నిలబడి ఉంది. ఆవిడ నవ్వలేదు. "రేపు శుక్రవారం," అని లోపలికి వెళ్లిపోయింది.

కొన్ని ముక్కలు కోసేస్తే సరిపోతుందని అందరికీ తెలుసు. ఎవరివి కోయాలన్నదే చిక్కు. ప్రతివాడూ పక్కవాడి ముక్క వైపు చూశాడు. బోలుష్ చేతిలో కోతమంట పట్టుకుని గంటసేపు నిలబడ్డాడు, వాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. నా బాయిలరు తలుపు వైపు ఒకసారి చూశాడు. నేను వాణ్ని చూశాను. వాడు చూపు తిప్పుకున్నాడు.

సరే, ముందు తీయలేకపోతే వెనక వేయండిరా అన్నాను. వెనక ఒక అరుగు లాంటిది వెల్డింగ్ చేసి రాళ్లు పేర్చండి అన్నాను. చొరోబాయ్ ఆతాకు అది నచ్చలేదు. రాళ్లు పేర్చేది సమాధి మీద, ఇప్పుడే ప్రాణం వచ్చినదాని మీద ఎవరైనా పేరుస్తారా అని కోప్పడ్డాడు. పైగా మా ఇనుము ముందు వెళుతుంటే మేం నడిచి వెళ్లాలా అన్నాడు. దాంతో తేలిపోయింది. రాళ్లు కాదు, ఇనుమిచ్చిన పెద్దలే వెనక ఎక్కుతారు.

ఇక ఎవరు ఎక్కడ కూర్చోవాలనే గొడవ మొదలైంది. మా ఇళ్లల్లో గుమ్మానికి ఎంత దూరంగా కూర్చోబెడితే అంత మర్యాద. ఆ పై చోటుని తోర్ అంటాం. ట్రాక్టరుకు గుమ్మం ఎక్కడ, తోర్ ఎక్కడ? డ్రైవరు తలుపే గుమ్మమని, అరుగు చిట్టచివరే తోర్ అని ఒక గంటకు తేల్చారు. అందరికన్నా పెద్దవాడు చొరోబాయ్ ఆతా చిట్టచివర కూర్చున్నాడు. ఆయన బరువు తడిసిన కోడంత. వయసు తగ్గుతున్న కొద్దీ ముందుకి జరుగుతూ వచ్చారు. బరువుకి పనికొస్తాడని ఎక్కించిన బోలుష్, అందరికన్నా చిన్నవాడు, అందరికన్నా లావైనవాడు, డ్రైవరు తలుపును ఆనుకుని కూర్చున్నాడు. అక్కడ వాడి బరువుతో పనేమీ లేదు. ట్రాక్టరు ముక్కు ఎక్కడిదక్కడే ఉంది.

నేను జుట్టు పీక్కున్నాను. లావైనవాణ్ని చివరికి పంపండి, చాలు అన్నాను. బోలుష్ ఏడుపుమొహం పెట్టి, ఆతా కన్నా పైన కూర్చుంటే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు అన్నాడు. ఆతా పోనీలేరా కూర్చో అన్నాడు, అని కిందికి దిగి చేతికర్ర తీసుకుని ఇంటిదారి పట్టాడు. పదిమంది వెళ్లి బతిమాలి తెచ్చి మళ్లీ చివర కూర్చోబెట్టారు. పొద్దు గుంకింది.

శుక్రవారం పొద్దున్నే కాదిర్‌బెక్ లారీ వచ్చింది. వెనక తెల్లమొహం ఎర్రావు. సైరాగుల్ లారీ పక్కకు వెళ్లి, చెక్కల సందులోంచి చెయ్యి పెట్టి దాని గంగడోలు నిమిరింది. తొలొగోన్ ఇంటి గుమ్మంలో చతికిలబడ్డాడు. వారం రోజుల్లో అతని మొహం పీక్కుపోయింది. ఇంక తీసుకుపొమ్మని చెప్పడానికి నోరు తెరవబోయాడు.

అప్పుడే లారీ తలుపు తెరుచుకుని కాదిర్‌బెక్ కిందికి దిగాడు. దిగుతూనే ఉన్నాడు. ముందు ఒక కాలు, తరవాత పొట్ట, తరవాత మిగిలిన పొట్ట. నూట అరవై కిలోలకు పైమాటే. ఈ ఊరివాడు కాదు. గుమ్మంలోకి వచ్చిన పరాయివాడు. నేను చొరోబాయ్ ఆతా చెవి దగ్గరికి వెళ్లి, "ఆతా, అతిథిని ఎక్కడ కూర్చోబెట్టాలి?" అని అడిగాను.

ముసలాయన నన్ను చూశాడు, అతన్ని చూశాడు, అరుగు చివర చూశాడు. ఈ ఊళ్లో నా మాట విన్నవాళ్లలో ఆయనే మొదటివాడు. కర్ర ఊపుతూ ఎదురెళ్లి, రెండు చేతులతో కాదిర్‌బెక్ చెయ్యి పట్టుకుని, దూరం నుంచి వచ్చావు నాయనా, పైకి రా, పై చోట కూర్చో అన్నాడు. అరుగు చివర ఉన్ని పరుపు పరిచారు, దిండు వేశారు. ఉడికించిన పొట్టేలు తలకాయ తెచ్చి ముందు పెట్టారు. అతిథికి తలకాయ పెట్టాక అతను కాదని లేచిపోయే వీల్లేదు. కాదిర్‌బెక్‌కు ఏమీ అర్థం కాలేదు గానీ మర్యాద బాగా నచ్చింది. బోలుష్, ఇంకో నలుగురూ కలిసి తోస్తే ఎక్కాడు. పరుపు మీద సర్దుకుని కూర్చున్నాడు.

వెనక చైన్లు దబ్బున నేలమీద కూర్చున్నాయి.

ఆ తరవాత రోజంతా ఏం జరిగిందో నేను బండి వెనక నడుస్తూ కళ్లారా చూశాను. కొండచరియ దగ్గర తొలొగోన్ బ్లేడు దించుతాడు, మట్టి తోస్తాడు. లేపేటప్పుడు వెనక ఉన్న పెద్దలంతా వెల్లకిలా వాలతారు. మొదట్లో కాదిర్‌బెక్ పొట్టేలు చెవి కోసి పంచుతూ మర్యాదగా కూర్చున్నాడు. మధ్యాహ్నానికి తనే కేకలు పెట్టడం మొదలుపెట్టాడు. వాలండి, వాలండి, ఆతా మీరు కూడా, అని అందరినీ అదిలిస్తున్నాడు. ఒక పెద్ద బండరాయి కదలకపోతే దాన్ని బూతులు తిట్టాడు. ఈ ట్రాక్టరును తుక్కు కింద తీసుకుపోవడానికి వచ్చానన్న సంగతే మరిచిపోయినట్టున్నాడు. నా బాయిలరు తలుపు మొత్తం బరువు మోసింది, ఎక్కడా పగల్లేదు. ఆ సంగతి ఎవరూ గుర్తించలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పొద్దు వాలేవేళకి దారి తెరుచుకుంది. ఆగడానికి ఎవరికీ ఓపిక లేదు. కింద కాసుకుని ఉన్న మంద కదిలింది. ముందు గుర్రాలు, తరవాత గొర్రెలు, చివర ఆవులు. ప్రతి ఇంటి ఆడమనిషీ తన ఆవుల వెనక కర్ర పట్టుకుని నడిచింది. నేను కూడా నా రెండింటినీ తోలాను. కాదిర్‌బెక్ డ్రైవరు తోలుకొచ్చిన లారీతోపాటే సైరాగుల్ కొండదాకా వచ్చింది, దారి పక్కన ఎర్రావున్న ఆ లారీ దగ్గర నిలబడింది. తోలడానికి ఆవిడకు ఏమీ లేదు. పైకి వెళ్లే ప్రతి ఆవునూ చూస్తోంది. నేను పలకరించకుండా తల దించుకుని ముందుకు వెళ్లాను.

తొలొగోన్ కూడా అదే చూశాడు. ఇంజను ఆపేశాడు. కిందికి దిగి, మట్టి కొట్టుకున్న చేతులు ప్యాంటుకు తుడుచుకుని కాదిర్‌బెక్ దగ్గరికి వచ్చాడు.

"ఎక్కించుకో, బాయికె," అన్నాడు. మా మాటలో బాయికె అంటే అన్న. "దీని పని అయిపోయింది. ఆవును దింపు."

"దింపకు," అంది సైరాగుల్.

తొలొగోన్ అయోమయంగా చూశాడు. గెలిచింది తనే కదా, ఇస్తున్నది తనే కదా, ఇంకేం కావాలి ఈవిడకి అన్నట్టు చూశాడు.

"ఎనిమిదేళ్లు తల దించుకుని తిరిగావు," అంది ఆవిడ. "మా పుట్టింటివాళ్లు వస్తే తల దించుకున్నావు. నేను ఎజె వాకిలి ఊడుస్తుంటే తల దించుకున్నావు. ఆ తల చూసీ చూసీ నాకు విసుగొచ్చింది. ఇవాళ ఊరు ఊరంతా నీ వెనకాల నడిచింది, నువ్వు మళ్లీ ముందులాగా నిలబడ్డావు. ఆవు పాలిస్తుంది గానీ అది ఇస్తుందా? తీసుకుపొమ్మను. నాకు వద్దు."

ఇంత మాట ఆవిడ నోటి నుంచి నేనెప్పుడూ వినలేదు. తొలొగోన్ అయితే టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అరుగు మీది పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాదిర్‌బెక్ ఇంకా దిగలేదు, దింపేవాళ్లు లేక దిగలేదు. పొట్టేలు తలకాయ ఎముకలు గుడ్డలో మూట కట్టి పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"మలుపు మలుపుకీ కింద పడుకుని అరిచింది ఈ ఆవు," అన్నాడు. "మళ్లీ ఆ మలుపుల్లో దీన్ని కిందికి దింపడం నా వల్ల కాదు. మా తాతలు ఏం చేసేవాళ్లు? పాడి లేని ఇంటికి ఎండాకాలానికి ఆవునిచ్చేవాళ్లు. పాలు ఇంటివాళ్లవి, దూడ ఆవిచ్చినవాడిది. ఉంచుకో, చెల్లెమ్మా. నాకు తలకాయ పెట్టిన ఇంటి నుంచి దీన్నెక్కడికి తోలుకుపోతాను?"

బోలుష్ లారీ తలుపు విప్పాడు. ఎర్రావు తడబడుతూ కిందికి దిగి, వెంటనే గడ్డి మీద పడింది. సైరాగుల్ ఒక్క నిమిషం ఆగలేదు. టీ గిన్నె ఒకటి తీసుకుని అక్కడే, దారి మధ్యలో, గొంతుకూర్చుని పాలు పిండింది. గిన్నె నిండింది. చొరోబాయ్ ఆతాకి ఇస్తుందనుకున్నాం, లేకపోతే అతిథికి ఇస్తుందనుకున్నాం. తొలొగోన్‌కి ఇస్తుందని నేను అనుకున్నాను.

ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు. దూరం వెళ్లే బిడ్డకి, గడప దాటి వచ్చే కొత్తకోడలికి మా ఊళ్లో దీవెనగా చల్లినట్టు, ఆ పాలు దోసిట్లోకి తీసుకుని ట్రాక్టరు ముక్కు మీద చల్లింది. ఎనిమిదేళ్లుగా తుక్కు అని తప్ప పేరు పెట్టి పిలవనిదాని మీద గిన్నెడు పాలూ చల్లింది. వేడి ఇనుము మీద పడి పాలు చుయ్‌మన్నాయి, కాస్త మాడువాసన వచ్చింది.